వాల్తేరులో గుప్పెడు మంది

గోంగూర చేను పూతకొచ్చినప్పుడు దగ్గరికెళ్లి చూస్తే లేత పసుపు రేకులు, వాటి మొదట్లో ముదురు ఎరుపు మచ్చ కనిపిస్తాయి. ఆకు పచ్చడికి పోతుంది, కాడ నారకు పోతుంది. పువ్వు జోలికి ఎవరూ పోరు. 1942లో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఆ రేకుల్లోంచి ఒక పసుపు పదార్థాన్ని విడదీశారు. దాని అణువు కట్టుబడి ఏమిటో తేల్చారు. హిబిసిట్రిన్ అని పేరు పెట్టి, ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో అచ్చు వేయించారు. ఆ ఇద్దరిలో ఒకరు టి.ఆర్. శేషాద్రి, రెండోవారు ఆయన దగ్గర పనిచేస్తున్న శిష్యుడు. ఇద్దరూ ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలై పదకొండేళ్లు.

1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండాయి. ఇలాంటి సందర్భాల్లో గొప్ప పూర్వ విద్యార్థుల జాబితాలు చదువుతారు. చదవాల్సిందే. కానీ ఆ జాబితాలోని పేర్లను తయారుచేసినవాళ్లు ఎవరు, ఒక్కో విభాగంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది ఉండి అంత పని ఎలా చేయగలిగారు, వాళ్ల దగ్గర ఉన్నదేమిటి, ఈనాడు మన చిన్న విశ్వవిద్యాలయాల్లో లేనిదేమిటి అన్నది ఎక్కువగా మాట్లాడుకోం. ఈ కథనం దాని గురించే.

పరీక్షల ఆఫీసు నుంచి

మొదటి ఐదేళ్లు అది బోధించే విశ్వవిద్యాలయం కాదు. అనుబంధ కళాశాలలకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కార్యాలయంగా బెజవాడలో మొదలైంది. కేంద్రం ఎక్కడుండాలన్న తగువు తెగి, 1930లో వాల్తేరు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కేంబ్రిడ్జిలో చదివొచ్చినవారు, ‘ముసలమ్మ మరణం’ రాసిన కవి, ‘కవిత్వతత్త్వ విచారము’తో తెలుగు విమర్శను కొత్త దారి పట్టించినవారు. శాసనోల్లంఘన ఉద్యమాన్ని ప్రభుత్వం అణచివేస్తున్న తీరుకు నిరసనగా ఆయన రాజీనామా చేశారు. ఆ కుర్చీలోకి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్‌గా వెళ్తే మళ్లీ రామలింగారెడ్డే వచ్చి 1949 దాకా ఉన్నారు.

1931లో ఆర్ట్స్ కళాశాల, ఆ వెంటనే సైన్స్ కళాశాల మొదలయ్యాయి. సైన్స్ కళాశాలకు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో ఈ తరానికి ఊహకు అందదు. ఆయన పేరే కళాశాలకు పెట్టారు.

డబ్బు ఒక్కటే అయితే భవనాలు లేచేవి, అంతటితో ఆగేది. రాధాకృష్ణన్ మనుషులను వెతికారు. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం వచ్చారు. నిజాం కాలేజీలో చదివి, కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర పనిచేసిన కుర్రాడు. 1932లో వాల్తేరులో చేరేనాటికి ఇరవై మూడేళ్లు దాటలేదు. స్పెక్ట్రోస్కోపీకి కొచ్చర్లకోట రంగధామరావు. రసాయనశాస్త్రానికి మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసొచ్చిన శేషాద్రి. తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం. చరిత్ర, రాజనీతి చెప్పడానికి ఆక్స్‌ఫర్డ్ నుంచి తిరిగొచ్చిన హీరేన్ ముఖర్జీని పిలిపించారు. హుమాయూన్ కబీర్ కూడా కొంతకాలం ఇక్కడ పాఠం చెప్పారు. వీళ్లిద్దరూ ఎక్కువ రోజులు నిలవలేదు, బెంగాల్‌కు వెళ్లిపోయారు. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ఇచ్చిన ఉపన్యాసాలను ‘మ్యాన్’ పేరుతో విశ్వవిద్యాలయమే పుస్తకంగా వేసింది.

ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఆ నియామకాల్లోని వయసులు. పేరు వచ్చాక పిలిచి శాలువా కప్పడం కాదు, పేరు రావాల్సిన వయసులో పిలిచి పని అప్పజెప్పారు. ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్నవాళ్లకు విభాగాలను కట్టే బాధ్యత ఇచ్చారు. వచ్చినవాళ్లలో చాలామంది పదీ పదిహేనేళ్లు అక్కడే ఉన్నారు. ఒక విభాగం నిలదొక్కుకోవడానికి అంత కాలం పడుతుంది.

పెరట్లో దొరికే పరిశోధన

శేషాద్రి పనిని కొంచెం దగ్గరగా చూద్దాం. మాంచెస్టర్‌లో ఉన్న సరంజామా వాల్తేరులో లేదు. కొత్త ల్యాబు, చేతిలో కొద్ది డబ్బు, విదేశాల నుంచి రావాల్సిన రసాయనాలు. ఆయన చుట్టూ చూశారు. పత్తి పూలున్నాయి, గోంగూర పూలున్నాయి, గంగరావి చెట్లున్నాయి. రేకులు కోసి ఎండబెట్టాలి. ఆల్కహాల్‌లో నానబెట్టి, కాచి, వడగట్టి, ఆ రసాన్ని చిక్కబరచాలి. మైనం, కొవ్వు లాంటివి ఈథర్‌తో కడిగేయాలి. మిగిలినదాన్ని కదపకుండా పెడితే, అదృష్టం బాగుంటే, పసుపు రంగు స్ఫటికాలు అడుగున చేరతాయి. అక్కడి నుంచి అసలు పని. క్షార ద్రావణంలో వేస్తే రంగు ఎలా మారుతోంది, ఎంతసేపట్లో మారుతోంది అని చూడాలి. అణువును ముక్కలు చేసి ఏ ముక్క ఏమిటో గుర్తుపట్టాలి. ఊహించిన నిర్మాణాన్ని ల్యాబులో మొదటి నుంచి కట్టి, ప్రకృతి ఇచ్చినదానితో సరిపోల్చాలి. ఈనాడు యంత్రంలో పెట్టి గంటలో తేల్చేదానికి అప్పుడు నెలలు పట్టేది.

ఇవన్నీ ఫ్లేవనాయిడ్ల కుటుంబంలోని పదార్థాలు. పత్తి జాతుల్లో ఒక్కోదాని పువ్వులో ఏ రంగు పదార్థం ఉందన్నది ఆ బృందం వరుసగా ప్రకటిస్తూ పోయింది. ఒకే కుటుంబం మీద ఏళ్ల తరబడి, ఒకరి తర్వాత ఒకరుగా శిష్యులు పనిచేయడంతో, ఆ రంగంలో ప్రపంచమంతా చూసే చోట్లలో వాల్తేరు ఒకటైంది. 1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన వెళ్లాక కూడా వాల్తేరులో ఆ బాట మూసుకుపోలేదు. 1960లలో ఎల్. రామచంద్రరావు బృందం నేల ఉసిరిని తీసుకుంది. పచ్చకామెర్లకు మన ఊళ్లలో నూరి ఇచ్చే ఆ మొక్కలోంచి లిగ్నన్లు అనే తరగతి పదార్థాలను విడదీసి, వాటి నిర్మాణాలు అంతర్జాతీయ పత్రికల్లో ప్రకటించింది. ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అని నేటి మందుల పరిశోధనల్లో కనిపించే పేర్ల వెనక ఆ పని ఉంది.

భగవంతం దారి వేరు. ఆయనకు కావలసింది స్ఫటికాలు, కాంతి, గణితం. పారదర్శకమైన స్ఫటికాన్ని ఒక వైపు నుంచి నొక్కితే అందులోంచి పోయే కాంతి నడక మారుతుంది. ఆ మార్పును పూర్తిగా చెప్పాలంటే ఎన్ని సంఖ్యలు కావాలి? స్ఫటికం ఎంత సౌష్ఠవంగా ఉంటే అంత తక్కువ సంఖ్యలు చాలు. జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ ఈ లెక్కను స్ఫటికాల తరగతుల వారీగా ఎప్పుడో వేసిపెట్టారు, అందరూ అదే వాడుతున్నారు. 1942లో భగవంతం గ్రూపు సిద్ధాంతంతో ఆ లెక్క మళ్లీ వేసి, కొన్ని తరగతుల విషయంలో పోకెల్స్ చెప్పింది తప్పని చూపించారు. ఆ గణితంలో ఆయనకు తోడు టి. వెంకటరాయుడు. ఇద్దరూ కలిసి రాసిన గ్రూపు సిద్ధాంతం పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే వాల్తేరులో ప్రచురించింది. అంతకుముందు 1940లో రామన్ ఫలితం మీద భగవంతం రాసిన పుస్తకం కూడా వాల్తేరు ముద్రణే, తర్వాత అమెరికాలో మళ్లీ అచ్చయింది. భౌతికశాస్త్రంలో లోకమంతా చదివే పుస్తకం మీద ప్రచురణ స్థలం వాల్తేరు అని ఉండటం, నాకైతే, ఏ అవార్డు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

రంగధామరావు స్పెక్ట్రోస్కోపీని ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. ఆయన పేరుతో ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ స్మారక ఉపన్యాసం నెలకొల్పింది. ఆయన శిష్యులు, వాళ్ల శిష్యులు దేశంలో ఎన్నో భౌతికశాస్త్ర విభాగాల్లో పాఠాలు చెప్పారు.

గుంటూరు వలస

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయ భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. పుస్తకాలు, పరికరాలు, రసాయనాలు అన్నీ మూటలు కట్టి మోసుకెళ్లాలి. ఒక ల్యాబును ఎత్తి ఇంకో ఊళ్లో దించడమంటే ఏమిటో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. గాజు పగులుతుంది, తూనికలు చెడతాయి, గ్యాసు లైను ఉండదు, నీళ్ల ధార సరిగా రాదు.

ఆ కాలం నాటి పరిశోధన వ్యాసాలు చూడండి. రచయితల పేర్ల కింద చిరునామా వాల్తేరు నుంచి గుంటూరుకు మారుతుంది, వ్యాసాలు మాత్రం ఆగవు. 1944లో భగవంతం, భీమసేనాచార్ కలిసి వజ్రం స్థితిస్థాపక స్థిరాంకాలను అల్ట్రాసోనిక్ పద్ధతిలో కొలిచి ‘నేచర్’లో ప్రకటించారు. వజ్రం ఎంత గట్టిదో అందరికీ తెలుసు. ఏ దిక్కు నుంచి ఎంత ఒత్తిడికి ఎంత లొంగుతుందో అంకెల్లో చెప్పినవాళ్లు అంతకుముందు లేరు. రెండేళ్లకు రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఆ పని సమగ్రంగా వచ్చింది.

యుద్ధం మధ్యలో, అద్దె గదుల్లాంటి ఏర్పాట్లలో ఇది ఎలా కుదిరింది? తలచుకున్నప్పుడల్లా నాకు దొరికే జవాబు ఒక్కటే. భవనం పోయింది, మనుషులు చెదిరిపోలేదు. గురువు, శిష్యుడు, వాళ్ల మధ్య సగంలో ఉన్న ప్రశ్న, మూడూ కలిసే రైలెక్కాయి.

తరగతి గదిలో

ఆనాటి చదువు ఆనర్స్ పద్ధతిలో సాగేది. ఇంటర్మీడియట్ తర్వాత మూడేళ్లు ఒకే సబ్జెక్టు లోతుగా. తరగతిలో పిల్లలు కొద్దిమంది. పొద్దున పాఠం చెప్పిన ప్రొఫెసరే మధ్యాహ్నం ల్యాబులో పక్కన నిలబడేవారు. మొన్న తేలిన ఫలితం ఈరోజు పాఠంలోకి వచ్చేది, పాఠంలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న రేపటి పరిశోధనలోకి పోయేది. చిన్న విశ్వవిద్యాలయానికి ఉన్న అతి పెద్ద బలం ఇదే. బోధన వేరు, పరిశోధన వేరు అని విడగొట్టడానికి అక్కడ మనుషులే సరిపోరు, ఒకరే రెండూ చేయాలి.

గణితంలో వి. రామస్వామి ఉండేవారు. ఒక సంఖ్య లోపల ఉన్న పూర్ణాంకాల్లో, పెద్ద ప్రధాన సంఖ్యలేవీ భాగించనివి ఎన్ని ఉంటాయన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. 1949లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆ వ్యాసం వచ్చింది. ఆ సంఖ్యల లెక్క తర్వాతి రోజుల్లో, రహస్య సంకేతాలను ఛేదించడానికి ఎంత సమయం పడుతుందో అంచనా వేసే చోట పనికొచ్చింది. రామస్వామి తరగతిలో కూర్చున్న విద్యార్థుల్లో ఒకరు కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు. గణితంలో మొదటి ర్యాంకు.

ఆ తర్వాత జరిగింది చెప్పుకోవాలి. ఆయన ఇక్కడే పరిశోధన చేద్దామని స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టారు. గడువు దాటి వచ్చిందని కార్యాలయం తోసిపుచ్చింది. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలుసుకుని చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, క్రామర్-రావు అసమానతను ప్రకటించారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడు నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు. కలకత్తా వెళ్లడం ఆయనకు, స్టాటిస్టిక్స్‌కు మేలే చేసింది. కానీ మొదటి ర్యాంకు విద్యార్థి ఎవరో విభాగంలో ప్రతి ఒక్కరికీ తెలిసిన చోట, తేదీ చూసి ఒక కాగితాన్ని పక్కన పడేయగలిగింది కార్యాలయం. ఆ స్వర్ణయుగం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని దాచకూడదు. ఆ తరగతుల్లో ఆడపిల్లలు బహు తక్కువని, దళిత విద్యార్థులు ఇంకా తక్కువని కూడా దాచకూడదు. ఆ తలుపు తర్వాతి తరాలకు తెరుచుకోవడం న్యాయం. తెరిచిన తలుపులోంచి వచ్చిన పిల్లలకు తగినంత మంది గురువులను ఇవ్వకపోవడమే అన్యాయం.

తెలుగు విభాగానిదీ ఇదే ఒరవడి. పింగళి లక్ష్మీకాంతం దాదాపు రెండు దశాబ్దాలు విద్యార్థులకు చెప్పిన సాహిత్య చరిత్ర పాఠాలు ఆయన మరణించాక పుస్తకంగా వచ్చాయి. నేటికీ పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ‘ఆంధ్ర సాహిత్య చరిత్ర’ అంటే దాన్నే తీస్తారు. గంటి జోగిసోమయాజి భాషా చరిత్రను బోధించి ‘ఆంధ్ర భాషా వికాసము’ రాశారు. ఈ విభాగంలో చదివి, ఇక్కడే అధ్యాపకుడిగా చేరిన భద్రిరాజు కృష్ణమూర్తి అమెరికా వెళ్లి చేసిన పీహెచ్‌డీ 1961లో తెలుగు ధాతువుల మీద పుస్తకంగా వచ్చింది. అరకు కొండల్లో మాట్లాడే కొండ భాషకు, దాన్నే కూబి అంటారు, ఆయనే వ్యాకరణం రాశారు. రాత లేని భాష మాట్లాడేవాళ్ల మధ్య కూర్చుని, విని, రాసుకుని, క్రియ ఎలా మారుతోందో పట్టుకోవడం కూడా పత్తి పూలలో రంగు పట్టుకోవడం లాంటి పనే.

సముద్రం వైపు

1945లో భూగర్భశాస్త్రానికి సి. మహదేవన్ వచ్చారు. ఈయనా రామన్ దగ్గర పనిచేసినవారే. విశాఖ-భీమిలి తీరంలో నడిచినవాళ్లకు ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. బరువైన ఖనిజాలు అలల తాకిడికి ఒక చోట చేరితే అలా కనిపిస్తాయి. వాటిలో మోనజైట్ ఉందని, దానిలో థోరియం ఉంటుందని, మహదేవన్, ఆయన సహచరుడు శ్రీరామదాస్ 1948లో ప్రకటించారు. దేశంలో అణుశక్తి కమిషన్ ఏర్పడింది ఆ ఏడాదే.

1949లో వైస్ ఛాన్సలరైన వి.ఎస్. కృష్ణ అర్థశాస్త్రం మనిషి, ఈ విశ్వవిద్యాలయంలోనే పాఠం చెప్పినవారు. ఆయన హయాంలో, 1952లో, అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ అతిథి ప్రొఫెసర్‌గా వచ్చారు. విశ్వవిద్యాలయానికి ఓడ లేదు. నౌకాదళం ఓడలు అడిగి తీసుకున్నారు. అధ్యాపకులు, విద్యార్థులు వాటి మీద వెళ్లి, తీగకు కట్టిన సీసాలను లోతుకు దించి, అక్కడే తిరగబడి మూతపడేలా చేసి, ఏ లోతు నీరు ఆ లోతు నీరుగానే పైకి తెచ్చారు. ఉష్ణోగ్రత, ఉప్పదనం, నీటి కదలిక కొలిచారు. ఏడాదిలో కొంతకాలం తీరం వెంట నీరు ఉత్తరానికి, కొంతకాలం దక్షిణానికి నడుస్తుందని, ఎండాకాలం ముందు గాలి తిరిగినప్పుడు అడుగు నీరు పైకి వస్తుందని అంకెలతో చూపించారు. ఒడ్డున ఇసుక మట్టం ఏ నెలలో పెరుగుతోందో, ఏ నెలలో తగ్గుతోందో వరుసగా నమోదు చేశారు. ఆర్కే బీచ్ కోతకు గురవుతోందని మనం నేడు ఆందోళన పడుతుంటే, ఆ కోతకు రుతువుల లెక్క ఉందని డెబ్భై ఏళ్ల కిందటే కొలిచిన విభాగం బీచ్‌కు కూతవేటు దూరంలో ఉంది.

1963లో హిందూ మహాసముద్ర అంతర్జాతీయ యాత్రలో భాగంగా వచ్చిన ఓడ మీద నుంచి, తీరానికి అవతల ఖండపు వాలులో మూడు లోతైన లోయలు బయటపడ్డాయి. లాఫాండ్ వాటికి పెట్టిన పేర్లు: ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. మూడోది నది పేరని చాలామంది అనుకోవచ్చు, అది వైస్ ఛాన్సలర్ పేరు. మహదేవన్ అంతకు ఏడాది ముందే పోయారు, కృష్ణ 1961లో.

ఇప్పటి సంగతి

ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇప్పుడు చిన్నది కాదు. దాని పరిధిలోంచే ఆదికవి నన్నయ, శ్రీకాకుళంలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయాలు విడిపోయాయి. తెలంగాణలో పాలమూరు, శాతవాహన, నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయాలు అదే కాలంలో వచ్చాయి. అంతకు ముందే, 1997లో, మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసింది. జిల్లాకో విశ్వవిద్యాలయం రావడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పొలం పనులు చూసుకుంటూనే బస్సెక్కి పీజీ క్లాసుకు వచ్చే అమ్మాయికి వాల్తేరు దూరం, నల్లగొండ దగ్గర.

అయితే ఈ చిన్న విశ్వవిద్యాలయాల్లో ఒక విభాగంలోకి వెళ్లి చూడండి. బోర్డు మీద ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అని మంజూరైన పోస్టులుంటాయి. గదుల్లో కాంట్రాక్ట్ వాళ్లు, పార్ట్‌టైమ్ వాళ్లు, పీరియడ్‌కు ఇంత అని జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ ఉంటారు. వాళ్లలో నెట్ రాసినవాళ్లు, పీహెచ్‌డీ చేసినవాళ్లు, పిల్లలు ప్రాణంగా చూసుకునే మంచి టీచర్లు ఉన్నారు. సెలవుల్లో జీతం రాదు. వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియదు. పదేళ్లు పట్టే ప్రశ్నను పదకొండు నెలల ఉత్తర్వు మీద ఉన్నవారు ఎలా మొదలుపెడతారు? చాలాచోట్ల వాళ్లకు పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకునే హక్కే ఉండదు. నోటిఫికేషన్ వస్తుంది, రోస్టర్ మీద కేసు పడుతుంది, ఆగిపోతుంది. ఈలోగా ఉన్న ఒకరిద్దరు రెగ్యులర్ ప్రొఫెసర్లు రిటైరవుతారు. ఆ రోజుతో ఆ విభాగంలో నడుస్తున్న పరిశోధన కూడా ముగుస్తుంది, ఎందుకంటే దాన్ని అందుకోవాల్సిన నలభై ఏళ్ల మనిషి అక్కడ లేరు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, పైవాళ్లు 14 గంటలు నేరుగా పాఠం చెప్పాలి. పూర్తి విభాగానికి ఇది మోయదగ్గ బరువే. ముగ్గురి పని ఒకరు చేసే చోట ఆ 16 ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. పైగా పరీక్షల పని, అడ్మిషన్లు, నాక్ ఫైళ్లు, హాస్టల్ వార్డెన్ బాధ్యత. అంతా అయ్యాక ప్రమోషన్‌కు వ్యాసాల లెక్క. 2010 నుంచి వచ్చిన పాయింట్ల పద్ధతి, పరిశోధన వ్యాసాన్ని హాజరు పట్టీలో సంతకం స్థాయికి దించింది. డబ్బు తీసుకుని అచ్చు వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి, వాటిని ఏరిపారేయడానికి కేర్ జాబితా వచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేశారు. శేషాద్రి బృందం ఒకే రకం పూల మీద ఏళ్లూ పూళ్లూ గడిపింది. నేటి పట్టికలో దానికి పడే మార్కులు చూస్తే ఏ యువ అధ్యాపకుడూ ఆ పనికి సాహసించడు.

కుప్పం బజారులో ఒకే మనిషి మూడు భాషల్లో బేరమాడతాడు. భాషలు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో చదవడానికి అంతకన్నా మంచి చోటు దేశంలో అరుదు. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ తరతరాలుగా ఎముకలను వంచింది. పాలమూరు వలసలకు నూరేళ్ల చరిత్ర ఉంది. వాల్తేరుకు సముద్రం, పత్తి పూలు దొరికినట్టే వీళ్లకూ గుమ్మం ముందే ప్రశ్నలున్నాయి. అడిగే తెలివి ఉన్న పిల్లలూ ఉన్నారు.

ఒక్కో విభాగానికి ముగ్గురో నలుగురో శాశ్వత అధ్యాపకులు, ముప్పై ఏళ్ల లోపు వాళ్లను కూడా తీసుకునే ధైర్యం, ఏటా మాటతప్పకుండా అందే కొద్దిపాటి ల్యాబు సొమ్ము. విక్రమదేవ వర్మ ఇచ్చింది ఒక్కసారి విరాళం కాదు, ఏటా ఇచ్చే మాట. ఈనాడు ఆ మాట ఇవ్వాల్సింది ప్రభుత్వాలు. శతాబ్ది సంబరాల పేరిట కొత్త ఆడిటోరియం, కొత్త ముఖద్వారం కట్టే ముందు, మంజూరై ఖాళీగా ఉన్న పోస్టుల జాబితాను విభాగాల వారీగా ప్రకటించి, ఏది ఏ నెలలో నింపుతారో దాని ఎదురుగా రాయాలి. పీరియడ్ లెక్కన ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లకు ఆ ఎంపికలో వాళ్ల అనుభవానికి తగిన విలువ ఇవ్వాలి. ఇది రెండు రాష్ట్రాల్లోనూ జరగాలి, వచ్చే విద్యా సంవత్సరం అడ్మిషన్లు మొదలయ్యేలోగా జరగాలి.